కోకో గింజలోని తీపి ఎవరిది?



ఈ నెల ఒక చిన్న గింజను గూర్చి మీతో కలిసి ధ్యానింప గోరుచున్నాము. అది ఇంచుమించు బాదం గింజంత ఉంటుంది. పచ్చిగా కొరికితే చేదు, వగరు. అయినను లోకమంతటా పిల్లలు చేయి చాపి అడిగే చాక్లెట్టు దానినుండియే వచ్చుచున్నది. క్రిస్మసు దినములలో మన సికింద్రాబాదు ఇండ్లలో కేకు పిండిలో కలిపే గోధుమరంగు పొడి కూడ దానిదే. అదే కోకో గింజ.

సికింద్రాబాదు సంఘములలో ఉద్యోగములకు, చదువులకు గోదావరి జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు అనేకము ఉన్నవి. వారి పిల్లలకు చాక్లెట్టు తెలియును, చెట్టు తెలియదు. అక్కడ కొబ్బరి తోటల నీడలో కోకో కాయలు కొట్టే మన అక్కచెల్లెండ్రకు చెట్టు తెలియును, గింజ తమ చేయి దాటిన తరువాత ఏమగునో తెలియదు. ఈ పత్రికను ఇద్దరును చదువుచున్నారు. గనుక ఇద్దరికిని చెందిన ప్రశ్న ఒకటి అడుగుచున్నాము. ఈ గింజలోని తీపి ఎక్కడనుండి వచ్చినది? అందులో ఎవరి పాలు ఎంత?

చెట్టు

కోకో చెట్టు పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాను నది పై భాగపు అడవులు. ఈక్వడారు దేశములో దొరికిన పాత కుండలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, 5,000 సంవత్సరములకు పూర్వమే అక్కడివారు కోకోను వాడుచుండిరని 2018లో తెలియజేశారు. భూమధ్యరేఖకు ఉత్తరమున ఇరవై డిగ్రీలు, దక్షిణమున ఇరవై డిగ్రీలు, ఈ పట్టీలోనే అది బాగుగా పండుతుంది. వేడి కావలెను, తేమ కావలెను, అయితే నేరుగా పడే ఎండ పనికిరాదు. పెద్ద చెట్ల క్రింద నీడలో పెరుగుటయే దాని స్వభావము. మన గోదావరి డెల్టా ఆ పట్టీలోనే ఉన్నది. కొబ్బరి చెట్టు దానికి గొడుగు పట్టుచున్నది.

మామిడికివలె దీనికి కొమ్మల చివర పూత రాదు. మొద్దుమీద, ముదురు కొమ్మలమీద చిన్న చిన్న పువ్వులు పూయును. వాటిని తేనెటీగలు కాదు, కంటికి ఆనని చిన్న దోమవంటి పురుగులు పరాగసంపర్కము చేయును. వేల పువ్వులలో కొద్దియే కాయలగును. పూవు కాయగా పండుటకు అయిదారు నెలలు పట్టును. ఒక్కొక్క కాయలో ముప్పది నలువది గింజలు తెల్లని గుజ్జులో చుట్టబడి యుండును. కిలో ఎండు గింజలు కావలెనంటే సుమారు పాతిక కాయలు కొట్టవలెను. ఉడతలు, ఎలుకలు రైతు కంటె ముందే కాయ పండినదని కనిపెట్టి తొలిచివేయును. అందుచేత పండిన కాయను పండినట్టే, వరుస తప్పక కోయుచుండవలెను.

స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు 1753లో ఈ చెట్టుకు 'థియోబ్రోమా' అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో దాని అర్థము దేవతల ఆహారము. మనకు దేవతలు లేరు, ఒక్కడే దేవుడు. ఆయన దానిని నరులకే ఇచ్చాడు. కృతజ్ఞతతో పుచ్చుకొనిన యెడల దేవుడు సృజించినది ఏదియు త్రోసివేయదగినది కాదని పౌలు తిమోతికి బోధించాడు (1 తిమోతి 4:4). అయితే కృతజ్ఞత అనగా నోటితో చెప్పే మాట మాత్రమేనా? అది మన చేతికి ఎవరి చేతులమీదుగా వచ్చినదో తెలిసికొనుట కూడ కృతజ్ఞతలో భాగమే.

ఆరు దినముల మరుగు

చాక్లెట్టు రుచి చెట్టునుండి తయారై రాదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. చక్కెర కలిపినందువలన మాత్రము వచ్చేదీ కాదు. అది రైతు ఇంటి దగ్గర, బుట్టలోనో చెక్క పెట్టెలోనో, అరటి ఆకుల క్రింద పుట్టును.

కాయను కత్తితో నరికితే గింజ తెగి బూజు పట్టును. గనుక కర్రతో కొట్టియో, రాతికి కొట్టియో పగులగొట్టుదురు. గుజ్జుతో కూడిన పచ్చి గింజలను కుప్పగా పోసి, ఆకులతోను గోనె సంచులతోను కప్పి, అయిదు మొదలు ఏడు దినములవరకు పులియబెట్టుదురు. గుజ్జులోని తీపి మొదట కల్లువలె పొంగును. మధ్యమధ్య కలియదిప్పగా గాలి తగిలి ఆ పులుపు వినెగరుగా మారును. అప్పుడు కుప్ప వేడెక్కును. చేయి పెట్టలేనంతగా, నలుబదియయిదు, యాబది డిగ్రీల వరకు వేడి పుట్టును. ఆ వేడికి, ఆ పులుపుకు గింజలోని మొలక చనిపోవును. మొలక చనిపోయిన తరువాతనే గింజ లోపల మార్పు మొదలగును. చేదు తగ్గును, ఊదారంగు గోధుమరంగు అగును, సువాసనకు కావలసిన మూలపదార్థములు ఏర్పడును. తరువాత ఎండలో ఆరబెట్టి, తేమ నూటికి ఏడు పాళ్ళవరకు తగ్గించవలెను. ఆ పిమ్మట వేయించినప్పుడు చాక్లెట్టు వాసన బయటికి వచ్చును.

ఆ ఆరు దినములు ఓర్వలేక రెండవ దినముననే గింజలను ఎండలో వేసిన యెడల? గింజ ఎండును, తూకమునకు తూగును. కాని ఎంత గొప్ప కార్ఖానాకు తీసికొనిపోయి ఎంత వేయించినను దానిలో చాక్లెట్టు రుచి పుట్టదు. పది దినములు ఉంచితే కుళ్ళిన వాసన వచ్చును. దినములను లెక్కించవలెను, వేడిని చేతితో చూడవలెను, వాసన కనిపెట్టవలెను. ఇది గ్రామములోని ఒక స్త్రీయో పురుషుడో చేసే పని. స్విట్జర్లాండులో ఎంత పేరుగల చాక్లెట్టు చేసినను ఈ పని పాడైతే దానిని అక్కడ బాగుచేయలేరు.

గోధుమ గింజ భూమిలో పడి చావకుండిన యెడల ఒంటిగానే ఉండునని మన ప్రభువు చెప్పిన మాట (యోహాను 12:24) మీకు జ్ఞాపకము వచ్చుచుండవచ్చును. కోకో గింజ కూడ తన మొలకను పోగొట్టుకొనియే పరిమళమును పొందుచున్నది. అయితే ఈ నెల మనము ఆ గింజకంటె దానిని కలియదిప్పిన చేతిని ఎక్కువగా జ్ఞాపకము చేసికొందము. తీపిలో మొదటి పాలు ఆ చేతిదే. చరిత్రలో ఆ చేతికి ఏమి దొరికినదో చూతము.

నాణెమైన గింజ

మధ్య అమెరికాలోని మాయా, అజ్టెకు జనులు కోకోను మనవలె తీపిగా తినలేదు. గింజలను వేయించి, నూరి, నీళ్ళలో కలిపి, మిరపకాయ మొదలైనవి చేర్చి, నురుగు వచ్చునట్లు పోసి త్రాగెడివారు. గింజలే వారికి డబ్బు. ఓడిపోయిన ఊళ్ళవారు రాజుకు కోకో గింజలు కప్పముగా కట్టవలసియుండెను. సంతలో ఇన్ని గింజలకు ఇంత సరుకు అని లెక్క. కొందరు మోసగాండ్రు గింజలోని పప్పు తీసివేసి, పొట్టులో మట్టి నింపి చెలామణి చేసెడివారట! దొంగ త్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11:1 చెప్పుచున్నది. మనుష్యుని హృదయము ఏ ఖండములోనైనను ఒక్కటే.

1502లో కొలంబసు తన నాలుగవ ప్రయాణములో ఒక పెద్ద దోనెలో ఈ గింజలను చూచాడు. ఒక గింజ క్రింద పడగా దోనెలోనివారు ఆత్రముతో వంగి ఏరుకొనిరని అతని కుమారుడు వ్రాశాడు. అంత విలువ ఎందుకో అతనికి అర్థము కాలేదు. తరువాత వచ్చిన స్పెయినువారికి అర్థమైనది. వారు దేశమును జయించి, తోటలను, కప్పమును తమ వశము చేసికొన్నారు. రోగములవలనను వెట్టిచాకిరివలనను స్థానిక జనులు వేలకొలదిగా నశించగా, ఆఫ్రికానుండి బానిసలను తెచ్చి తోటలలో పని చేయించారు. ఐరోపాలో గొప్పవారి బల్లమీదికి చక్కెర కలిపిన వేడి పానీయము చేరినది. చక్కెర కూడ బానిసల చేతులమీదుగానే వచ్చినది.

ఆ దినములలో ఐరోపా సంఘములో గొప్ప వాదము నడచినది. ఉపవాస దినమున చాక్లెట్టు పానీయము త్రాగితే ఉపవాసము భంగమగునా, కాదా? పదియేడవ శతాబ్దములో పండితులు దీనిమీద పుస్తకములే వ్రాశారు. అది పానీయము గనుక భంగము కాదని ఒక కార్డినలు తేల్చాడు. యెషయా 58:6 తెరచి చూడండి. కాడి మోకులు విప్పుట, బాధింపబడినవారిని విడిపించుట, ఇదియే తనకు ఇష్టమైన ఉపవాసమని దేవుడు చెప్పిన చోటు అది. గిన్నెలోనిది పానీయమా భోజనమా అని వాదించినవారు అంత శ్రద్ధతో ఆ గిన్నెను నింపినవారి కాడిని గూర్చి అడిగియుంటే ఎంత బాగుండును!

బర్మింగ్‌హాము విశ్వాసులు

ఇప్పుడు మన ప్రొటెస్టెంటు ఇంటి సంగతికి వత్తము. ఇంగ్లండులో క్వేకరులు అను భక్తిగల సమాజము ఒకటి ఉన్నది. వారు యుద్ధమును, మద్యమును, బానిసత్వమును ఎదిరించినవారు. సారాయికి బదులు జనులు త్రాగుటకు మంచి పానీయము కావలెనని కోకో వ్యాపారములో దిగినవారిలో వారు ముఖ్యులు. బ్రిస్టలులో ఫ్రై కుటుంబము, యార్కులో రౌంట్రీ కుటుంబము, బర్మింగ్‌హాములో క్యాడ్‌బరీ కుటుంబము, ముగ్గురును క్వేకరులే. 1824లో జాన్ క్యాడ్‌బరీ ఒక చిన్న దుకాణము తెరచి టీ, కాఫీ, కోకో అమ్మాడు. 1828లో హాలెండువాడైన వాన్ హౌటెను గింజలోని కొవ్వును పిండి పొడిని వేరుచేసే విధానమునకు హక్కు పొందాడు. మన కేకులలో కలిపే పొడి ఆ విధానముతోనే సాధ్యమైనది. 1847లో ఫ్రై వారు తినే చాక్లెట్టు పలకను తయారుచేశారు. 1875లో స్విట్జర్లాండులో డానియేలు పీటరు పాల చాక్లెట్టు చేశాడు.

క్యాడ్‌బరీ వారు తమ పనివారికి మంచి ఇండ్లు, తోటలు, ఆటస్థలములు ఉండవలెనని బర్మింగ్‌హాము వెలుపల బోర్న్‌విల్ అను గ్రామమునే కట్టారు. అందులో సారాయి దుకాణము లేదు. పనివారియెడల ప్రేమ చూపిన యజమానులని లోకము మెచ్చుకొన్నది. అది నిజమే.

అయితే వారి కోకో గింజలు ఎక్కడనుండి వచ్చుచుండెను? చాలా భాగము పోర్చుగీసువారి ద్వీపములైన సావో తోమే, ప్రిన్సిపే నుండి. అక్కడి తోటలలోనికి అంగోలానుండి కూలీలను తెచ్చెడివారు. కాగితముమీద వారు ఒప్పందపు కూలీలు, వాస్తవముగా బానిసలు. వెళ్ళినవారు తిరిగి ఇంటికి రాలేదు. 1901లో విలియం క్యాడ్‌బరీ చేతికి ఒక తోట అమ్మకపు ప్రకటన వచ్చినది. అందులో పశువులతోపాటు పనివారిని కూడ ఆస్తిగా వెల కట్టి చూపినారు. ఆయన మనస్సు కలతపడినది. విచారణ మొదలైనది. 1905లో జోసెఫ్ బర్ట్ అను వానిని అక్కడికి పంపారు. అతడు రెండేండ్లు తిరిగి చూచి, విన్నది నిజమేనని చెప్పాడు. 1908లో విలియం స్వయముగా వెళ్ళి చూచాడు. 1909 మార్చిలో ఆ గింజలు కొనుట మానుకొన్నారు.

1901 నుండి 1909 వరకు ఎనిమిది సంవత్సరములు! ఆ ఎనిమిదేండ్లును గింజలు కొనుచునే యున్నారు. మేము కొనుచున్నంతకాలమే పోర్చుగీసు ప్రభుత్వము మా మాట వినునని వారి వాదన. లండను పత్రిక ఒకటి ఇది వేషధారణ అని వ్రాయగా, క్యాడ్‌బరీ వారు పరువునష్టపు దావా వేశారు. 1909 డిసెంబరులో తీర్పు వచ్చినది. పత్రిక చేసినది తప్పే అన్నారు జ్యూరీ సభ్యులు. నష్టపరిహారము మాత్రము ఒక్క ఫార్తింగు, అనగా పెన్నీలో నాలుగవ వంతు అని నిర్ణయించారు. గెలిచినారు గాని, ఆ గెలుపు విలువ ఎంతో ఆ చిన్న నాణెము చెప్పినది.

ప్రియులారా, ఆ కుటుంబమును నిందించుటకు దీనిని వ్రాయుటలేదు. వారు ఎన్నో మంచి కార్యములు చేశారు, చివరికి సరియైన నిర్ణయము తీసికొన్నారు. అయితే కంటికి కనిపించే పనివానికి ఇల్లు కట్టినవారికి సముద్రమునకు ఆవల కనిపించని పనివాని కాడి విప్పుటకు ఎనిమిదేండ్లు పట్టినది. భక్తిగలవారికే ఇట్లు జరిగితే, మన సంగతి ఏమి?

కమ్మరి క్వాషి తెచ్చిన గింజలు

సావో తోమేను విడిచిన క్యాడ్‌బరీ వారు గోల్డు కోస్టు వైపు, అనగా నేటి ఘానా వైపు తిరిగారు. అక్కడ కోకో ఎట్లు వచ్చినదో మిషనెరీ చరిత్ర ఎరిగినవారు సంతోషముగా చదువుదురు. మంగుళూరులో పెంకుల కార్ఖానా, మలబారులో నేతశాలలు పెట్టిన బాసెల్ మిషను వారే గోల్డు కోస్టులోను సేవ చేశారు. వారు 1857 ప్రాంతములో అక్రోపాంగ్ అను చోట కోకో మొక్కలు నాటిచూచారు గాని ఆ ప్రయత్నము నిలువలేదు. ఆ మిషను పనిశాలలో కమ్మరిపని నేర్చుకొనిన టెట్టె క్వాషి అను ఆఫ్రికావాడు ఫెర్నాండో పో ద్వీపమునకు పనికి వెళ్ళి, 1879లో కోకో గింజలతో తిరిగివచ్చి, మాంపాంగులో నాటాడు. అవి బ్రదికినవి. ఇరుగుపొరుగువారు విత్తనములు తీసికొన్నారు. చిన్న రైతులు తమ స్వంత భూములలో వేసికొన్న ఆ పంటవలన 1911 నాటికి గోల్డు కోస్టు లోకములో అందరికంటె ఎక్కువ కోకో పండించే దేశమైనది. సావో తోమేలో కొరడా చేయలేని పనిని ఇక్కడ స్వతంత్రుడైన రైతు చేశాడు.

అయినను రైతుకు ధర అంత సులువుగా దొరకలేదు. 1937లో యూరోపు కంపెనీలు తమలో తాము పోటీ మానుకొని కొనుటకు ఒప్పందము చేసికొనగా, రైతులు ఒక్కటై నెలల తరబడి గింజలు అమ్మకుండ ఆపివేశారు. బ్రిటిషు ప్రభుత్వము విచారణ సంఘమును పంపవలసి వచ్చినది.

నేడు లోకపు కోకోలో సగముకంటె ఎక్కువ ఐవరీ కోస్టు, ఘానా ఈ రెండు దేశములనుండియే వచ్చుచున్నది. ఆ తోటలలో బాలకార్మికులను లేకుండ చేయుదుమని పెద్ద కంపెనీలు 2001లో మాట ఇచ్చాయి. 2020లో షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు లెక్క చూడగా, ఆ రెండు దేశముల కోకో పనిలో ఇంకను 15 లక్షల 60 వేలమంది పిల్లలు ఉన్నారని తేలినది. మన సండేస్కూలు పిల్లల వయస్సు వారే! తలిదండ్రులు దుర్మార్గులై కాదు. కూలివానిని పెట్టుకొనుటకు రైతుకు ధర చాలక పిల్లవానిని తోటకు తీసికొనిపోవుచున్నాడు.

గోదావరి తోటలలో

మన దేశమునకు కోకో మొక్క 1798 ప్రాంతములోనే తమిళనాడులోని కుర్తాళమునకు వచ్చినది. వ్యాపారపు పంటగా మాత్రము 1965లో కేరళలోని వయనాడులో క్యాడ్‌బరీ వారు ప్రదర్శన క్షేత్రము పెట్టిన తరువాతనే వ్యాపించినది. 1980 తరువాత ధర కూలిపోగా కేరళ రైతులు అనేకులు విసిగి చెట్లు నరికివేశారు. ఆ కష్టకాలములో ఒక మంచి పని జరిగినది. 1973లో పోక రైతులు మంగుళూరులో పెట్టుకొనిన క్యాంప్కో అను సహకార సంఘము ముందుకు వచ్చి కోకో గింజలు కొన్నది. 1986లో పుత్తూరులో స్వంత చాక్లెట్టు కార్ఖానాయే తెరచినది. రైతులు కలిసి నిలిచినచోట చెట్టు నిలిచినది.

మన ఆంధ్రలో 1990 తరువాత కొబ్బరి తోటలలో, పిదప ఆయిల్‌పామ్ తోటలలో కోకో అంతరపంటగా విస్తరించినది. ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి, కోనసీమ, కృష్ణా జిల్లాలలో ఆ తోటలు చూడవచ్చును. నేడు దేశములో కోకో దిగుబడిలో ఆంధ్రప్రదేశే మొదటిది. రాలిన ఆకు నేలను కప్పి కలుపును అణచును, మట్టికి బలమిచ్చును. ఒకే నేలలో ఒకే నీటితో రెండు పంటలు. హైదరాబాదు బంజారా హిల్సులో 2023లో తెరచిన 'మనం చాక్లెట్' వారు ఏలూరు జిల్లా తడికలపూడిలో గింజలను పులియబెట్టించి, గోదావరి రైతుల కోకోతోనే చాక్లెట్టు చేయుచున్నారు. ఒకప్పుడు గోదావరి గింజ అనే పేరే చాక్లెట్టు లోకములో ఎవరికిని తెలియదు. నేడు దాని రుచిని దాని ఊరి పేరుతో చెప్పుకొనుచున్నారు. సరిగా పులియబెట్టిన చేతికి అది గౌరవమే.

ధర సంగతి మీలో అనేకులకు మాకంటె బాగుగా తెలియును. ఆఫ్రికాలో వానలు గతి తప్పి, చెట్లకు వైరసు తెగులు సోకి, దిగుబడి పడిపోగా, ఏండ్లతరబడి టన్నుకు రెండు మూడు వేల డాలర్లున్న కోకో 2024లో పదివేల డాలర్లు దాటినది. మన తోటలలో కిలో 200 రూపాయల చుట్టు తిరిగిన గింజ 1,000 రూపాయలవరకు వెళ్ళినది. 2025లో ఆ ధర సగమునకు పడగా రైతులు ఆందోళనకు దిగారు. రాష్ట్ర ప్రభుత్వము కిలోకు 50 రూపాయలు తన వంతుగా కలిపి 500 రూపాయలు అందునట్లు ఏర్పాటు చేసినది. ఆఫ్రికాలో వాన కురిస్తే ఏలూరులో ధర పడును, అక్కడ తెగులు వస్తే ఇక్కడ ధర లేచును. రైతు చేసిన తప్పును లేదు, ఒప్పును లేదు.

మనమేమి చేయవలెను?

మొదట, తోట యజమానులైన విశ్వాసులకు. ధర 200 నుండి 1,000కి వెళ్ళిన సంవత్సరమున నీ తోటలో కాయలు కొట్టిన ఆడకూతురి దినకూలి ఎంత పెరిగినది? కౌలు రైతుకు ఏమి మిగిలినది? ఈ ప్రశ్న పట్టణమునుండి వ్రాయుట మాకు సులువే, అక్కడ లెక్క సరిచూచుట మీకు కష్టమని ఎరుగుదుము. ఎరువుల ఖర్చు, నీటి ఖర్చు, పడిపోయిన ధర, అన్నియు మీమీదనే యున్నవి. అయినను ధర పడినప్పుడు కూలి తగ్గించుట త్వరగా జ్ఞాపకము వచ్చి, ధర పెరిగినప్పుడు కూలి పెంచుట జ్ఞాపకము రాకపోతే, మన త్రాసులో ఒక ప్రక్క మట్టి నింపిన గింజ యున్నట్టే. బీదవాడైన కూలివాని జీతము సూర్యుడు అస్తమించకముందే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము (ద్వితీయోపదేశకాండము 24:14,15). పొలము కోసినవారికి ఇయ్యని కూలి మొరపెట్టుచున్నదని, ఆ కేకలు ప్రభువు చెవిని చేరినవని యాకోబు హెచ్చరిక (5:4). గింజలు పులియు ఆరు దినములు ఓర్చుకొనుట మంచిది, కూలివానిని ఆరు దినములు ఓర్పించుట మంచిది కాదు.

రెండవది, పని చేయువారికి. మీ పని చిన్నది కాదు. నలగని గింజ, సరియైన దినములు, బాగుగా ఆరిన తేమ, వీటినిబట్టియే రుచి నిలుచుచున్నది. తడి గింజను తూకమునకు కలుపుట, పచ్చి కాయను పండినదానితో వేయుట, ఇవి ఎవరును చూడని పనులు. దేవుడు చూచుచున్నాడు. నమ్మకమైన చేతికి మంచి పేరు వచ్చినప్పుడు ఆ చేయి ధర అడుగగలదు.

మూడవది, పెద్ద ధర చూచి అప్పు చేసి పంట వేయ తలంచువారికి. 2024 ధర శాశ్వతమని నమ్మి భూమి కుదువబెట్టవద్దు. 2025 ధర చూచి కోపముతో గొడ్డలి పట్టవద్దు. కోకో మొక్క కాపుకు వచ్చుటకే మూడు నాలుగు ఏండ్లు పట్టును. ఏ కీడు వచ్చునో తెలియదు గనుక నీ పాలు ఏడుగురికి, ఎనమండుగురికి పంచిపెట్టుమని ప్రసంగి చెప్పిన జ్ఞానము (11:2) వ్యవసాయమునకు కూడ తగినదే. కొబ్బరి ఒక పాలు, కోకో ఒక పాలు, ఇంటి పెరటిలో కూరగాయలు, పాడి ఒక పాలు. పుత్తూరువారివలె నలుగురు కలిసి అమ్ముకొనుట నేర్చుకొనండి. సంఘములో కలిసి ప్రార్థించువారు సంతలో కలిసి నిలువలేరా?

నాలుగవది, పట్టణములో కొని తినే మనకు. చాక్లెట్టు తినుట పాపమని మేము చెప్పుటలేదు. పిల్లలకు ఇయ్యండి, సంతోషముగా తిననియ్యండి. అయితే ఇచ్చునప్పుడు ఒక్క మాట చెప్పండి. ఇది ఒక చెట్టునుండి వచ్చినది, ఒక అమ్మ కాయ కొట్టినది, ఒక నాయన ఆరు దినములు కాచుకొన్నాడు అని. వీలైతే సెలవులలో ఏలూరు వైపో కోనసీమ వైపో వెళ్ళినప్పుడు తోట చూపించండి. పచ్చి గింజ చుట్టునున్న తెల్లని గుజ్జును నాలుకకు తగిలించి, తరువాత గింజను కొరుకమనండి. ఆ చేదు నుండి ఈ తీపి వరకు మధ్యలో ఎన్ని చేతులున్నవో లెక్కపెట్టమనండి. దేవుడు మన భోజనమును ఆశీర్వదింపవలెనని ప్రార్థించునప్పుడు ఆ చేతులను కూడ ఆశీర్వదింపుమని చెప్పుట వారికి నేర్పండి.

తీపి ఎవరిది అని మొదట అడిగితిమి. చెట్టును, నీడను, వానను ఇచ్చిన దేవునిది మొదట. తరువాత, ఓర్పుతో పులియబెట్టి ఎండబెట్టిన చేతులది. మిగిలినదే కొని తినే మనది. ఈ వరుస తప్పినచోట చాక్లెట్టు ఎంత తియ్యగా నున్నను అందులో ఎవరిదో కన్నీరు కలిసియుండును.

కుటుంబ ప్రార్థనలో మాటలాడుకొనుటకు: ఈ వారము మన ఇంటికి వచ్చిన ఆహారములో ఎవరి పని మన కంటికి కనబడలేదు? మనము ఎవరికైనను ఇయ్యవలసిన కూలి ఇంకను మన చేతిలో ఉన్నదా? ఉంటే రేపు సూర్యుడు అస్తమించకముందే ఇచ్చివేయుదమా?

ప్రార్థన: పంటకు యజమానివైన తండ్రీ, చేదు గింజలో తీపిని దాచిన నీకు స్తోత్రము. నీడలో పనిచేయు నీ బిడ్డలను నీవు ఎరుగుదువు. వారి కష్టమునకు తగిన ఫలమును వారికి దయచేయుము. మా చేతిలో ఆగిపోయిన కూలి ఏదైనను ఉంటే మా మనస్సాక్షిని నిద్రపోనియ్యకుము. దూరదేశములలో చదువు మాని తోటలో పనిచేయు పిల్లలను కాపాడుము. ఇచ్చుటలో త్వరపడు హృదయమును, కాచుకొనుటలో ఓర్పుగల హృదయమును మాకిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.